ఫొటో సరిపోయింది, మనిషే వేరు

బస్టాండులో అతన్ని అందరూ మైకుగారనే పిలిచేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ప్లాట్‌ఫారాలకు ఎదురుగా మేడమీద ఒక అద్దాల గది, అందులో ఒక బల్ల, బల్లమీద మెడ వంచిన మైకు, దాని వెనక అతను. "ప్రయాణికులు దయచేసి వినండి" అన్నాడంటే చంకలో ఏడుస్తున్న పసివాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి పైకి చూసేవారు. అంత నిండైన గొంతు. ఆ గొంతు విని మనిషిని ఊహించుకుని మెట్లెక్కి వచ్చినవాళ్ళకి మాత్రం నీరసం వచ్చేది. బక్కపలచటి ఒళ్ళు, ముఖంలో సగం కళ్ళజోడే, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు. ఎవరికో కొలిచిన గొంతు పొరపాటున ఈయనకి తొడిగారని డ్రైవర్లు ఏడిపించేవారు.

ఆ వేళాకోళం మొదలుపెట్టింది అతని భార్యే. అప్పటికి భార్య కాదు, కింద బస్సుపాసుల కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి. కార్డుమీది ఫొటో చూడటం, కిటికీ అవతలి ముఖం చూడటం, రెండూ ఒకటే అయితే ముద్ర కొట్టడం, అదీ ఆమె ఉద్యోగం. అన్న పాసు పట్టుకుని తమ్ముడొచ్చినా, అక్క పాసుతో చెల్లెలొచ్చినా ఆమె దగ్గర పప్పులు ఉడికేవి కావు. పోలికలు ఎంత కలిసినా, "ఫొటో సరిపోయింది, మనిషే వేరు. పక్కకి జరుగు నాయనా" అనేది. ఎలా కనిపెట్టావమ్మా అని అడిగితే, "చూడగానే తెలిసిపోతుంది, అంతే" అనేది. చేరిన కొద్దిరోజులకే పాసులమ్మ అని పేరు పడింది. పొద్దస్తమానం నెత్తిమీద మోగే ఆ గొంతు ఎవరిదో చూద్దామని ఒకనాడు మేడెక్కింది. ఎగాదిగా చూసి, "ఈ గొంతు మీదేనా? ఏదీ, పాసు చూపించండి" అంది. అతను నిజంగానే జేబులు తడుముకున్నాడు.

అలా మొదలైన సంసారం. పెళ్ళయింది, కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుని నాలుగు వీధుల అవతల కాపురం పెట్టింది. మైకుగారికి వేరే లోకం లేదు. పొద్దున్న ఇద్దరూ కలిసి బస్టాండుకి పోవడం, సాయంత్రం కలిసి రావడం. దారిపొడుగునా ఆవిడ మాట్లాడేది, ఆయన వినేవాడు. పగలంతా వాగీ వాగీ అలిసిపోయిన నోటికి అదే విశ్రాంతి అనేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం పాసులమ్మ తడి ప్లాట్‌ఫారం మీద కాలు జారి పడింది. తల అంచురాయికి తగిలింది. పైన అద్దాల గదిలోంచి అతనికి జనం మూగడం మాత్రమే కనబడింది. "పక్కకి జరగండి, గాలి ఆడనివ్వండి" అని మైకులో చెప్పాడు. పడింది ఎవరో అతనికి తెలీదు. ఎవరో మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి చెప్పేదాకా ఇంకో బస్సు గురించి చెబుతూనే ఉన్నాడు.

ఆపరేషన్ చేశారు. బతికింది. చాలారోజులు మగతలోనే ఉంది. తెలివొచ్చి కళ్ళు విప్పినప్పుడు మంచానికి ఒక పక్క కూతురు, ఒక పక్క మైకుగారు. కూతుర్ని చూసి నవ్వింది. "చిక్కిపోయావేంటే" అని బుగ్గ నిమిరింది. తర్వాత తల తిప్పి అతన్ని చూసింది. అతను అప్పటికే ఏడుస్తున్నాడు. ఆమె కాసేపు పరీక్షగా చూసింది, కిటికీ అవతల నిలబడ్డవాణ్ణి చూసే చూపుతో. తర్వాత కూతుర్ని దగ్గరికి లాక్కుని, చెవిలో, "ఎవరే ఈయన? అచ్చం నాన్నలాగే ఉన్నాడు" అంది.

మందుల మత్తు అనుకున్నారు. మత్తు దిగింది, ఆ మాట మాత్రం దిగలేదు. పక్కింటివాళ్ళు గుర్తున్నారు, కౌంటర్లో తోటివాళ్ళు గుర్తున్నారు, కూరలమ్మేవాడి బాకాగొంతు కూడా గుర్తుంది. లోకమంతా నిజమే, మొగుడు ఒక్కడే దొంగ. ముక్కు ఇదే, కళ్ళజోడు ఇదే, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఇదే అని అన్నీ ఒప్పుకునేది. అన్నీ ఒప్పుకుని, "కానీ ఆయన కాదు" అనేది. అతను మాట్లాడి చూపించాడు. ఎదురుగా నిలబడి, బస్టాండు గొంతుతో, "ప్రయాణికులు దయచేసి వినండి" అన్నాడు. పక్క మంచాలవాళ్ళందరూ ఇటు తిరిగారు. ఆమె మెచ్చుకోలుగా తలూపి, "గొంతు కూడా బాగా పట్టుకున్నారే" అంది.

డాక్టరమ్మ వయసులో కూతురికంటే చిన్నది, ఓపిక ఉన్న మనిషి. తండ్రీ కూతుళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "మనిషిని గుర్తుపట్టడం ఒకటే పని అనుకుంటాం. కాదండీ. ముఖం పోల్చుకునే చోటు ఒకటి. పోల్చుకోగానే 'అమ్మయ్య, మనవాళ్ళు' అని లోపల కదులుతుంది చూడండి, ఆ చోటు ఇంకొకటి. ఆ రెంటికీ మధ్య దారి తెగిందని మా అనుమానం. మీ ముఖం ఆవిడకి తెలుస్తూనే ఉంది. తెలిసినా ఏమీ కదలట్లేదు. కదలకపోతే మెదడు ఊరుకోదు, కారణం వెతుక్కుంటుంది. మా ఆయన్ని చూస్తే నాకిలా ఉండదే, కాబట్టి ఈయన మా ఆయన కాదు. ఆవిడ లెక్క ఆవిడకి సరిగ్గానే ఉంది."

"మరి నన్నెలా గుర్తుపట్టింది?" అంది కూతురు.

"అందరి దగ్గరా ఇలా జరగదమ్మా. ఎవరిని చూస్తే మనసు బాగా కదిలేదో, వాళ్ళ దగ్గరే ఆ ఖాళీ ఎక్కువ తెలుస్తుంది. చాలాసార్లు అలా ఒక్కరి దగ్గరే వస్తుంది."

ఇది ఓదార్పో శిక్షో మైకుగారికి అర్థం కాలేదు. "తగ్గుతుందా అమ్మా?" అని అడిగాడు. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు, ఇప్పుడే చెప్పలేం అంది. ఆ తర్వాత ఇంకా ఏవో చెప్పింది గానీ అతని తలకెక్కలేదు. మనసు అంటే మనలో ఎవరి చెయ్యైనా గుండెమీదికే పోతుంది. అతని చెయ్యీ అక్కడే ఉంది. డాక్టరమ్మ వేలు మాత్రం చెవికి కాస్త పైన ఆగింది. ఇంటికొస్తూ దారిలో అతనికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ కాపురం, అలకలు, జ్వరాలు, ఒకరి కంచంలోది ఒకరు తినడాలు, ఇవన్నీ వెంట్రుకంత దారిమీద నడిచినవేనా? అది తెగితే అంతా తెగినట్టేనా? అయితే ఇన్నాళ్ళూ ప్రేమించింది ఆవిడా, ఆవిడ తలకాయలో ఒక నరమా? ఎవరిమీద కోప్పడాలో తెలీక ఆటో అతనిమీద అరిచాడు.

ఇంటికి తీసుకొచ్చారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాసులమ్మకి అతనిమీద అనుమానమే గానీ కసి లేదు. ఎవరో పరాయి మనిషి, తనకోసం నీళ్ళు కాస్తున్నాడు, మాత్రలు లెక్కపెట్టి ఇస్తున్నాడు, మాట తూలట్లేదు. అలాంటివాణ్ణి పట్టుకుని ఛీ పో అనేంత చెడ్డది కాదు ఆవిడ. అదే ఆమె, మెదడులో ఏ మూల దెబ్బ తగిలినా చెక్కుచెదరని ఆమె. మూడోనాడు అతను టీ గ్లాసు చేతికిస్తుంటే, కొంగు సర్దుకుని, చూపు దించుకుని, "మీకెందుకు శ్రమ అన్నయ్యా" అంది.

మర్యాద తెలిసిన ఇల్లాలు పరాయి మగవాణ్ణి ఇంకేమని పిలుస్తుంది? దొంగ అన్నా పడ్డాడు, వేషగాడు అన్నా పడ్డాడు. ఈ పిలుపు మాత్రం తట్టుకోలేకపోయాడు. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. ఆ రోజునుంచి అతని పక్క హాల్లోకి మారింది. గదికి ఆమె లోపలనుంచి గడియ పెట్టుకునేది.

సెలవు అయిపోయి అతను మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. పగలు కూతురు వచ్చి కూర్చునేది. ఒక మధ్యాహ్నం మాత్ర వేసిందో లేదో కనుక్కుందామని అద్దాల గదిలోంచి ఇంటికి ఫోన్ చేశాడు. కూతురు కింద పెరట్లో ఉందో ఏమో, ఆమె ఎత్తింది.

"ఏమోయ్" అన్నాడు అలవాటుగా.

అవతల ఊపిరి ఆగింది. తర్వాత ఒక్కసారిగా, "ఏమండీ! ఎక్కడికి పోయారండీ ఇన్నాళ్ళూ? నన్నొదిలేసి ఎక్కడికి పోయారు?" అని గొల్లుమంది.

ఆమె ఏడుస్తోంది, తిడుతోంది, మధ్యలో తిన్నారా అని అడుగుతోంది. అది అచ్చంగా అతని భార్య, ఆవగింజంత కూడా తేడా లేదు. "బస్టాండులోనే ఉన్నానే" అన్నాడు.

"తొందరగా రండి. ఇక్కడెవరో ఉన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు గానీ, మీ చొక్కాలు తొడుక్కుంటున్నాడండీ."

మైకు పక్కవాడికి అప్పజెప్పి పరిగెత్తాడు. ఆ వయసులో అంత పరుగు అతని ఒంటికి ఎక్కడిదో తెలీదు. తలుపు కొట్టాడు. లోపల గాజుల చప్పుడు, అడుగుల చప్పుడు, నవ్వుతో వెలిగిపోతూ తలుపు తీసింది. అతన్ని చూసింది. ఆ వెలుగు అలాగే ఆరిపోయింది.

"మీరా అన్నయ్యా" అంది.

డాక్టరమ్మని అడిగితే, చెవి దారి వేరు, కంటి దారి వేరు అంది. చెవిదారి బాగానే ఉంది. కానీ కన్ను చూసిందంటే చెవి చెప్పింది చెల్లదు. మైకుగారు ఇంకేమీ అడగలేదు. అతనికి కావలసింది దొరికింది. ఆనాటినుంచి ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు కాపురముండటం మొదలైంది. ఒకడు వండిపెట్టి, ఇల్లు తుడిచి, అన్నయ్య అనిపించుకునేవాడు. ఇంకొకడు సాయంత్రం ఫోన్లో వచ్చి ఏమండీ అనిపించుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఏదో పనుందని మేడమీదికి పోయి, నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి కింద గదిలోకి ఫోన్ చేసేవాడు. ఫోన్ వేళకి ఆమె ముఖం కడుక్కుని తల దువ్వుకునేది. ఇన్నేళ్ళ కాపురంలో అతని కోసం ఇంత ముస్తాబు ఏనాడూ కాలేదు. కిందికి దిగొచ్చాక ఆ దువ్విన తల చూసి, ఫోన్లోవాడి మీద అతనికి కుళ్ళు పుట్టేది. నవ్వొచ్చే మాటే, కానీ నిజం.

ఫోన్లో ఆమె అన్నీ చెప్పేది. కూతురు మీద చాడీలు, తలనొప్పి, అన్నయ్యగారి కూరలో ఉప్పు ఎక్కువవడం. చివర ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "ఎప్పుడొస్తారండీ?" అతను ఏం చెప్పగలడు? "వస్తున్నానే, బయలుదేరుతున్నా" అనేవాడు. అక్కడే తప్పు జరిగింది. వస్తానన్న మొగుడి కోసం ఆమె అన్నం ముందు పెట్టుకుని కూర్చునేది. అన్నయ్య వడ్డిస్తే, "ఆయన రానివ్వండి" అనేది. చల్లారిపోయేది, ఎత్తేసేవారు. మనిషి పుల్లలా అయిపోయింది. "నాన్నా, అమ్మకి నువ్వు ఇంట్లోనూ ఉన్నావు, ఫోన్లోనూ ఉన్నావు. ఎవరో ఒకరు తప్పుకోవాలి" అంది కూతురు. అతను చెవిన పెట్టలేదు. రోజంతా పరాయివాడిగా బతికినవాడికి ఆ పది మాటలే తిండి. ఎలా వదులుకుంటాడు?

వదులుకోక తప్పని రోజు వచ్చింది. కూతురు మందుల షాపుకి వెళ్ళిన సందున పాసులమ్మ ఇల్లు దాటింది. మైకుగారు అద్దాల గదిలో బస్సు చెబుతూ కిందికి చూశాడు. ప్లాట్‌ఫారం మధ్యలో ఆమె. ఒక కాలికే చెప్పు. స్తంభానికి వేలాడుతున్న లౌడ్‌స్పీకరు కింద నిలబడి, ముఖం పైకెత్తి, పసిపిల్లలా నవ్వుతూ వింటోంది. బస్సు ఒకటి వెనక్కి వస్తోంది. కండక్టరు ఈల వేస్తే పక్కకి జరిగింది గానీ కళ్ళు స్పీకరు మీదినుంచి తియ్యలేదు. వచ్చేపోయేవాళ్ళని ఆపి ఏదో అడుగుతోంది. ఏమడుగుతోందో అతనికి పైనుంచే తెలిసింది.

లేచాడు. తలుపుదాకా వెళ్ళి ఆగిపోయాడు. తను దిగితే గొంతు ఆగిపోతుంది. గొంతు ఆగిపోతే ఆమె వెతుక్కుంటూ ఎటుపోతుందో, ఏ బస్సు కింద పడుతుందో. దిగి ఎదురెళ్ళినా ఆమె చూసేది అన్నయ్యని. వెనక్కొచ్చి కూతురికి ఫోన్ చేసి, మైకు దగ్గరికి లాక్కున్నాడు. చెప్పడానికి బస్సు లేదు. అయినా చెప్పాడు. పొద్దున్న వెళ్ళిపోయిన బస్సు చెప్పాడు, రేపు రావలసిన బస్సు చెప్పాడు. జనం మూటలు ఎత్తుకుని ఈ ప్లాట్‌ఫారం నుంచి ఆ ప్లాట్‌ఫారానికి పరిగెత్తారు, తిట్టుకుంటూ మళ్ళీ వెనక్కి వచ్చారు. కంట్రోలరు కింద నుంచి చేతులూపుతూ, "మైకుగారూ, మతి పోయిందా?" అని కేకలేశాడు. ఆపలేదు. ఆ గొంతు మోగుతున్నంతసేపూ ఆమె ఆ స్తంభం దగ్గరినుంచి కదల్లేదు. కూతురు వచ్చి భుజం పట్టుకున్నాక, అతను మైకు కట్టేసి బల్లమీద తల వాల్చేశాడు.

మర్నాడు డాక్టరమ్మ కోప్పడలేదు. "ఆవిడ ఎదురుచూడటం మానితేనే తిండి తింటారు. మీరే ఆలోచించుకోండి" అంది, అంతే.

ఆ సాయంత్రం మేడమీద చాలాసేపు తచ్చాడి ఫోన్ చేశాడు.

"ఏమోయ్, నన్ను దూరం ఊరికి బదిలీ చేశారు. అక్కడ ఫోన్లు కలవవు. చాలాకాలం రాను."

"చాలాకాలం అంటే?"

"ఏమో తెలీదే. నువ్వు నాకోసం కూర్చోకు. ఇంట్లో ఉన్నాయన..." ఇన్నేళ్ళలో మైకు ముందు ఎన్నడూ తడబడని గొంతు. "ఆయన మనవాడే. నేనే పెట్టాను నీకు తోడుగా. ఆయన పెట్టింది తిను. ఆయన మాట విను."

"మీరు చెప్పారు కాబట్టి వింటాను" అంది. "మరి మీకు వేళకి అన్నం ఎవరు పెడతారండీ?"

అతను ఫోన్ పెట్టేశాడు. తన మొగుణ్ణి తనే సాగనంపి కిందికి దిగి, అన్నం కలిపి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని తినేసింది.

మాట ఇస్తే మాటే, ఆమె ఎదురుచూడటం మానేసింది. ఒళ్ళు చేసింది. గది గడియ పెట్టుకోవడం మానింది. అన్నయ్యతో కబుర్లు చెప్పడం కూడా మొదలుపెట్టింది. అందరూ మైకుగారితో, నయమే కదండీ అన్నారు. నయమే. కాదని ఎవరంటారు? అతనికి మాత్రం రోజూ ఎవరినో ఒకరిని సాగనంపి వస్తున్నట్టే ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఆమె ఉన్నట్టుండి, "మీకు పెళ్ళయిందా అన్నయ్యా?" అని అడిగింది.

"అయింది."

"ఎన్నాళ్ళనుంచో అడుగుదామనుకుంటున్నా, ఏమనుకుంటారో అని ఊరుకున్నా. ఎలా ఉంటుంది మా వదిన?"

అతను మడతపెడుతున్న తువ్వాలు వైపే చూస్తూ చెప్పాడు. బాగా మాట్లాడుతుందన్నాడు. దారిపొడుగునా మాట్లాడుతుంది, ఊపిరి కూడా తీసుకోదన్నాడు. ఎవరినైనా ఒక్కసారి చూస్తే మరిచిపోదన్నాడు. నన్ను ఏడిపించడమంటే మహా సరదా అన్నాడు. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని విని, "మీకు ఆవిడంటే ఎంత ఇష్టమో మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది" అంది. "ఇప్పుడెక్కడుంది?"

"ఇంట్లోనే ఉంది. ఒంట్లో బాగుండటం లేదు."

ఆమె చేతిలో చొక్కా కింద పడేసింది. "ఒంట్లో బాగాలేని మనిషిని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలేసి, ఇక్కడ నాకు చాకిరీ చేస్తున్నారా? ఇదేం పనన్నయ్యా! మా ఆయన చెప్పాడని మీ ఇల్లు చూసుకోరా? పాపం, వాకిట్లోకి చూస్తూ కూర్చుని ఉంటుంది. నాకు తెలుసు అదెలా ఉంటుందో. లేవండి, ముందు లేవండి."

అతను లేవలేదు. లేవకపోతే చెయ్యి పట్టుకుని లేపింది. దెబ్బ తగిలిననాటినుంచి ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. వంటింట్లోకి పోయి ఉన్న కమలాపళ్ళన్నీ సంచిలో వేసుకొచ్చి చేతికిచ్చింది. "ఇవి వదినకి ఇవ్వండి. నేనడిగానని చెప్పండి. తగ్గేదాకా ఇటు రాకండి, నా సంగతి నేను చూసుకుంటాను." వాకిలిదాకా వచ్చి, చెప్పులు వేసుకునేదాకా నిలబడి, జాగ్రత్త అని చెప్పి తలుపు వేసుకుంది. గడియ పడింది.

మైకుగారు నాలుగు మెట్లు దిగి కూర్చుండిపోయాడు. కింది వాటాలో ఉండే ఆవిడ బకెట్టుతో పైకి వస్తూ, "ఇదేమిటండీ, ఇక్కడ కూర్చున్నారు?" అంది.

"మా ఆవిడకి ఒంట్లో బాగాలేదండీ. పళ్ళు తీసుకెళ్తున్నాను" అన్నాడు. అన్నాడు గానీ అక్కడినుంచి లేవలేకపోయాడు.